దోర్నకల్ ఇంటి తల్లి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఊరి లెక్కలు వ్రాసికొనువాడవు, నీకు క్రైస్తవ కుటుంబపు ముచ్చట యేల అని మిత్రులొకరు నన్నడిగిరి. మన జొన్నగిరికి చేరువనే యెఱ్ఱగుడి బండలమీద అశోకుడు తల్లిదండ్రులను, పెద్దలను సేవింపవలెనని చెక్కించినాడు. ఆ తల్లి యే మతముదై యుండవలెనో అందు వ్రాయలేదు. కావున నేనును అడుగలేదు.

నేడు నేను స్మరింపదలచినది అన్బు మరియమ్మాళ్ అజరయ్యగారిని. ఆమె భర్త వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పదవి నందిన మొదటి భారతీయుడు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయనకు అభిషేకము జరిగెను. 1945 జనవరి 1న పరమపదించువఱకు ఆయన దోర్నకల్ అధ్యక్షఖండమును పాలించెను. ఒకప్పుడు మన జిల్లాలో నుండిన నంద్యాల ప్రాంతపు సంఘములును కొంతకాలము ఆ పాలనలో నుండినవే. కావున ఈ కథ మనకు పరాయిది కాదు.

ఆ దంపతులిరువురిదియు తిరునెల్వేలి సీమ. మాతృభాష తమిళము. 1898లో వివాహమైనది. దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాలచదువు చదివిన తొలితరమువారిలో ఆమె యొకరు. తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొమ్ముతో, తమ మనుష్యులతో 1903లో నెలకొల్పిన సంఘము నైజాము రాజ్యములోని దోర్నకల్‌ను తన సేవాక్షేత్రముగా నెంచుకొనెను. 1909లో అజరయ్యగారు అక్కడికి వచ్చిరి. బంధువులున్న తావును విడిచి, భాష తెలియని చోట సంసారము నిలుపుట చెప్పినంత సులువు కాదు. వచ్చిన పిమ్మట తెలుగు నేర్చి, ఆ తెలుగులోనే పల్లెలవారితో బ్రదికిరి.

దోర్నకల్ ప్రాంతమున సంఘములో చేరినవారిలో అధికులు మాల మాదిగ పల్లెల పేదలు. వారినుండియే గురువులను తయారుచేయవలెను. అందులకై యువకులను పిలిపించినప్పుడు భార్యాబిడ్డలతో గూడ రమ్మనిరి. భర్త వేదశాస్త్రము చదువుచుండగా భార్య అక్షరములు దిద్దవలెను. శుచి, శిశుపోషణ, పాటలు, పల్లె స్త్రీలకు చదువు చెప్పు విధము నేర్వవలెను. ఈ స్త్రీల శిక్షణలో అజరయ్యమ్మగారు తోడునీడయై నిలిచినది. గురువు వీధి అరుగువఱకే పోగలడు. వంటయింటి గడప దాటి లోనికి పోవలసినది గురువు భార్యయే. ఆమె చదువనిచో ఊరిలో సగము చదువనట్లే. ఈ లెక్క ఆ యింటివారికి ముందే తెలిసినది.

భారతములో ద్రౌపది సత్యభామతో చెప్పిన మాట మీకు జ్ఞప్తికి రావచ్చును. పాండవుల ఆయవ్యయములన్నియు తానొక్కతెయే ఎఱుగుదునని ఆమె పలుకును. మనుచరిత్రలో ప్రవరుని యిల్లాలు అర్ధరాత్రమున అతిథులు వచ్చినను వండి వడ్డించును. ప్రవరుని పేరు పండితులందఱికిని వచ్చును. ఆ యిల్లాలి పేరు అడుగువారు అరుదు.  దోర్నకల్‌లోను అంతియే. 1939లో ప్రతిష్ఠ జరిగిన దేవాలయము హిందూ, మహమ్మదీయ శిల్పరీతులను కలుపుకొని నేటికిని నిలిచియున్నది. చూచినవారందఱును బిషప్పుగారిని కొనియాడుదురు. అక్కడివారు ఆయనను “తండ్రిగారు” అని పిలిచిరి. తండ్రి యున్న యింట తల్లి యుండకుండునా? బిడ్డలను పెంచినది, వచ్చినవారికి అన్నము పెట్టినది, అక్షరము రాని కోడండ్రను పంతులమ్మలుగా దిద్దినది ఆ తల్లి.

నా వృత్తిలో ఒక నియమము కలదు. పద్దు వ్రాయనిది జరుగనిదిగా నెంచబడును. తల్లుల కష్టము ఏ చిట్టాలోను ఎక్కదు గనుక అది జరుగలేదనుకొనుట మనకు అలవాటైనది.

ఇక మన యింటిమాట. మన గ్రంథాలయ చందాదారుల పుస్తకమును నేనే వ్రాయుచున్నాను. ఇరువదియైదేండ్ల పుటలు త్రిప్పి చూచితిని. స్త్రీల పేర్లు వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. పుస్తకములు కఱవై కాదు, వారికి చదువు రాకయు కాదు. సాయంకాలము మగవారు పత్రికలు పఱచుకొని కూర్చున్న అరుగు ఎక్కుటకు వారికి మొగమాటము. కావున కార్యవర్గమువారికి నా విన్నపము ఒక్కటియే. మధ్యాహ్నము రెండు గంటలనుండి నాలుగు గంటలవఱకు గ్రంథాలయమును స్త్రీలకే విడువుడు. ఏ వాడనుండి వచ్చినను, ఏ దేవుని కొలిచినను, అదే చాపమీద కూర్చుండనిండు. చదువరాని అవ్వకు చదివి వినిపించుటకు బడిలో చదువు బాలికనొకతెను నియమింపుడు. ఇందులకు కావలసిన చాపలును, దీపమును నేనిచ్చెదను. పుస్తకములో క్రొత్త పుటయును గీసి యుంచితిని. రేపటినుండి అందు పేర్లు వ్రాయించు భారము మీది.