యుద్ధకాలమున నోరు విప్పు హక్కు

(గుడియాత్తమున జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి అంగడిలో కూర్చున్నవారము. అయినను నేడు ఈ వేదికమీద ఒక విషయము చెప్పక తప్పదు. ఏలయన అందు మా తప్పిదము కూడ కలదు.

గత సంవత్సరము మన సంఘపు యువకులు కొందరు వచ్చి, దూరదేశమున జరుగుచున్న యుద్ధమును గూర్చియు, అందు చనిపోవుచున్న పసిపిల్లలను గూర్చియు ఒక సాయంకాలము సభ జరుపుకొనుటకు మన హాలు ఇమ్మని అడిగిరి. ఊరేగింపు లేదు, నినాదములు లేవు. నలుగురు మాటాడి, దీపములు వెలిగించి లేచిపోయెదమనిరి. మేము తాళపుచెవి ఇయ్యలేదు. "నాయనా, మనము వ్యాపారస్థులము. ఇతర భాషవారి నడుమ బ్రతుకుచున్నవారము. ఎక్కడి యుద్ధమో మనకెందుకు?" అని పంపివేసితిమి. వారు ఎదురాడలేదు. మారుమాటాడక మెట్లు దిగిపోయిరి. అది మమ్ము ఇప్పటికిని బాధించుచున్నది.

తరువాత కొన్ని దినములకు సరకు పనిమీద రాయవేలూరు పోయితిమి. తొరప్పాడిలో కేంద్ర కారాగారపు గోడ కనబడెను. ఎన్నిమారులు చూచిన గోడయో! ఆనాడు మాత్రము తల దించుకొంటిమి. 1940, 41 సంవత్సరములలో యుద్ధమును గూర్చి నోరు విప్పిన నేరమునకు పెద్దలెందరో ఆ గోడల వెనుక ఉండిరి.

ఆ కథ మన పిల్లలకు తెలియవలెను. 1939 సెప్టెంబరులో వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు, భారతీయులను ఒక్కమాటయైన అడుగక, ఈ దేశమును యుద్ధములోనికి దింపెను. భారత రక్షణ చట్టమును, దాని నిబంధనలును వచ్చిపడెను. 1940 సెప్టెంబరు చివర గాంధీజీ సిమ్లాలో వైస్రాయిని కలసి కోరినది, యుద్ధమునకు తోడ్పడవలదని ప్రజలకు శాంతముగా చెప్పుకొను స్వేచ్ఛ. వైస్రాయి చెప్పిన సమాధానము వినుడు. ఇంగ్లాండులో మనస్సాక్షి ఒప్పక యుద్ధము చేయనివారికి ఉన్నపాటి స్వేచ్ఛ ఇచ్చటను ఉండవచ్చునట. తన అభిప్రాయము తాను చెప్పుకొనవచ్చును గాని, ఇతరులను ఆ దారికి త్రిప్పరాదట. అంగడి తెరువుము గాని ఎవరికిని సరకు చూపకుము అన్నట్లున్నది!

అంతట వ్యక్తి సత్యాగ్రహము మొదలయ్యెను. అక్టోబరు 17న వినోబా భావేగారు మొదటివారు. నెహ్రూగారిని ఆయన వంతు రాకమునుపే పట్టుకొని నాలుగేండ్ల శిక్ష వేసిరి. ప్రకాశం పంతులుగారు కూడ ఈ సత్యాగ్రహమున చెరసాలకు పోయినవారే. దేశమంతట శిక్షపడినవారు ఇరువదివేలకు పైమాట. అయినను గుంపులు లేవు, రాళ్లు లేవు. ఏ తావున, ఏ వేళ మాటాడెదరో జిల్లా అధికారికి ముందుగా తెలిపి, ఒక్కొక్కరుగా పోయి మాటాడిరి.

మనబోటి వర్తకులకు మరింత దగ్గరి సంగతి ఒకటి కలదు. మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ దొర యుద్ధనిధికి చందాలు పోగుచేయుచుండెను. చందా అనగానే మొదట ఎవరి అంగడి మెట్లెక్కుదురో మనకు వేరుగ చెప్పవలెనా? ఇయ్యవలదని కామరాజుగారు ప్రచారము చేసిరి. 1940 డిసెంబరులో సత్యాగ్రహుల జాబితాతో వార్ధాకు పోవుచుండగా ఆయనను మన తెలుగుసీమలోనే, గుంటూరున, పట్టుకొనిరి. తెచ్చి వేలూరు చెరలో పెట్టిరి. ఆయన లోపల ఉండగనే విరుదునగరమువారు ఆయనను పురపాలక సంఘాధ్యక్షునిగా ఎన్నుకొనిరి. 1954లో ముఖ్యమంత్రియైన పిమ్మట ఆయన శాసనసభకు నిలిచి గెలిచినది ఎచ్చటినుండి? ఈ గుడియాత్తమునుండియే! యుద్ధకాలమున బయట తిరుగరాదని బంధింపబడినవారిని పదునాలుగేండ్లకు మన పట్టణమే ఓటువేసి పంపినది. ఆ వరుసలలో మన తాతలును నిలుచుండిరి.

"అది పరాయి ప్రభుత్వము, నేడు మనది కదా" అని కొందరు పెద్దలందురు. మేమును అట్లే అనుకొనెడివారము. 1962 అక్టోబరు 20న చైనాతో యుద్ధము వచ్చెను. 26న అత్యవసర పరిస్థితి ప్రకటించిరి. నవంబరు 21న చైనా కాల్పులు ఆపెను. యుద్ధము ఒక నెల. అత్యవసరము మాత్రము 1968 జనవరి 10 వరకు నడచెను. అంతకాలము రాజ్యాంగపు 19వ అధికరణము అటకెక్కి కూర్చుండెను. 1965లో మన రాష్ట్రమున హిందీ వ్యతిరేకోద్యమము లేచినపుడు ఈ రక్షణ నిబంధనల క్రిందనే అరెస్టులు జరిగెను. చైనాకొఱకు నూరిన కత్తి భాషకొఱకు మాటాడినవారి మెడమీదికి వచ్చెను. భాషనే నమ్ముకొని సంఘము పెట్టుకొన్న మనము ఈ సంగతి మఱవవచ్చునా?

హద్దులు ఉండవలదని మేమనము. సేనల కదలికలు బయటపెట్టుట, కొట్టుడు చంపుడని రెచ్చగొట్టుట మాటాడుట కాదు. 1951లో చేసిన సవరణ విదేశములతో స్నేహసంబంధములను గూడ ఒక హద్దుగా పెట్టినది. కాని ఆ హద్దు సమంజసమై ఉండవలెనని అందే ఉన్నది. హింసకు పురికొల్పనంతవరకు ప్రభుత్వమును విమర్శించుట రాజద్రోహము కాదని 1962లో కేదారనాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చినది. అయినను 2025 మేలో, సరిహద్దున ఉద్రిక్తత ఉన్న దినములలో, ఒక విమర్శను సామాజిక మాధ్యమమున పంచుకొని, వెంటనే తీసివేసి క్షమాపణ చెప్పిన పుణె విద్యార్థినిని చెరలో పెట్టిరి. బొంబాయి హైకోర్టు ప్రభుత్వమును మందలించి ఆమెను విడిపించినది. పందొమ్మిదేండ్ల పిల్ల! మన ఇండ్లలోను ఆ వయసువారున్నారు.

ఊరకుండుటయే క్షేమమని మనకు తరతరములుగా అలవాటు. 1911లో చిత్తూరు జిల్లా వేరుపడకమునుపు అంతయు ఉత్తరార్కాడే. ఆ తరువాతనే మనము అల్పసంఖ్యాకులమను మాట గట్టిగా వినవచ్చినది. అణగియున్నచో ఎవరును వేలెత్తి చూపరని మన పెద్దలు తలచిరి. కాని 1806లో వేలూరు కోటలో ఏమి జరిగెను? కొత్త తలపాగాలు వలదని మొరపెట్టిన సిపాయిలను కొరడాలతో కొట్టించి మొర ముగిసినదనుకొనిరి. రెండు నెలలకు, జూలై 10న, కోటయే తిరుగబడెను. మొర వినబడకున్నంత మాత్రమున లేదనుకొనరాదు. 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చిన తరువాత మన పిల్లల తెలుగు పరీక్షకొఱకు మనవారు అర్జీలు వ్రాసిరి, కోర్టు మెట్లెక్కిరి. అపుడు మనకు పనికివచ్చినది ఈ హక్కే. మనకొఱకు వాడుకొని, పిల్లలు పరులకొఱకు అడిగినపుడు బీరువాలో పెట్టి తాళము వేయుట ఏ న్యాయము?

కనుక కార్యవర్గమునకు ఒక ప్రతిపాదన చేయుచున్నాము. సభ్యులలో ఎవరైనను, ఏ యుద్ధమును గూర్చియైనను, శాంతముగా సభ జరుపుకొనదలచినచో హాలు ఇయ్యవలెను. తేదీయు, వేళయు పోలీసు ఠాణాకు ముందుగా వ్రాతమూలముగా తెలుపవలెను. వారి మాట నచ్చనివారు అడిగినచో మరునాడు వారికిని అదే హాలు, అదే షరతు. ఏమి మాటాడెదరని అడుగు అధికారము కార్యదర్శికిగాని, మాకుగాని ఉండరాదు.

నాడు వచ్చిన యువకులలో ఇద్దరు వెనుక వరుసలో కూర్చున్నారు. అబ్బాయిలారా, నాడు మేము చేసినది తప్పు. ప్రతిపాదన నెగ్గినచో మొదటి సాయంకాలము మీదే. దీపముల ఖర్చు, కరెంటు ఖర్చు మా అంగడి లెక్కలో వ్రాసికొందుము.