కనుబొమలు చెప్పే కాలం



రాతిపొరలో దొరికిన శిలాజాన్ని చూసి, ఆ పొర ఏ యుగానిదో భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ప్రాచీన చైనా చిత్రాల కాలాన్ని అంచనా వేయడానికి అలాంటి ఆధారం ఒకటుంది. అది స్త్రీల కనుబొమలు!

ఆనాటి సంపన్న స్త్రీలు సహజమైన కనుబొమలను తీసివేసి, ఆ చోట రంగుతో కొత్తవి దిద్దుకునేవారు. ఆ రంగు పేరు 'దాయ్'. దానిలో ఒక రకం మెత్తని నల్లని ఖనిజం. దాన్ని నీటితో నూరి వాడేవారు. మరొక రకం మనకు తెలిసిన నీలిమందు. నీలిమొక్క ఆకు పచ్చగానే ఉంటుంది. అది నీటిలో నాని పులిసి, గాలిలోని ఆక్సిజన్ తగిలిన తరువాతే నీలిరంగు ఏర్పడుతుంది.

హాన్ వంశ కాలంలో, క్రీ.పూ. 1వ శతాబ్దంలో, రాజధాని పాలనాధికారి జాంగ్ చాంగ్ తన భార్య కనుబొమలు స్వయంగా దిద్దేవాడట. ఇది చక్రవర్తి దాకా ఫిర్యాదుగా వెళ్లింది. భార్యాభర్తల మధ్య ఇంతకుమించిన చనువే ఉంటుందని ఆయన బదులిచ్చినట్లు హాన్ చరిత్ర గ్రంథం చెబుతుంది.

దిద్దిన కనుబొమను చెరిపి మళ్లీ దిద్దవచ్చు. అందుకే తాంగ్ వంశ కాలంలో (618–907) ఫ్యాషన్లు వేగంగా మారాయి. 8వ శతాబ్దం మధ్యలో సన్నని, పొడవైన కనుబొమలు మెచ్చుకున్నారు. 9వ శతాబ్దం తొలినాళ్లకు, ఏడుస్తున్న ముఖంలా బయటి కొసలు కిందికి వాలిన కనుబొమలు వచ్చాయి. జౌ ఫాంగ్ గీసినదిగా చెప్పే అంతఃపుర స్త్రీల చిత్రంలో అవి పొట్టిగా, వెడల్పుగా, పురుగు రెక్కల్లా కనిపిస్తాయి.

కవి బాయ్ జూయీ (772–846) ఒక కవితలో అంతఃపుర వృద్ధురాలిని వర్ణించాడు. పదహారో ఏట లోపలికి వెళ్లిన ఆమెకు ఇప్పుడు అరవై ఏళ్లు. ఇంకా తన యవ్వనకాలపు సన్నని కనుబొమలే దిద్దుకుంటోంది. బయటివారు చూస్తే నవ్వుతారు. కానీ ఆమెను చూసేవారే లేరు! ఆమె జీవితం ఎక్కడ ఆగిపోయిందో ఆ కనుబొమలు చెబుతున్నాయి.

అయితే ఈ ఆధారానికి పరిమితులున్నాయి. పాత ఫ్యాషన్ వదలని ఆ వృద్ధురాలి చిత్రమే మనకు దొరికితే, దాని కాలాన్ని నలభై ఏళ్లు వెనక్కి లెక్కించేవాళ్లం. తరువాతి చిత్రకారులు పాత చిత్రాలను చూసి గీయడమూ ఉంది. పైగా ఇవి చాలావరకు సంపన్నుల ముఖాలు. పొలంలో పనిచేసిన స్త్రీ ముఖం వీటిలో అరుదు. కాబట్టి సమాధి శాసనాల తేదీలతోనూ, గ్రంథాలతోనూ పోల్చి చూడాలి. ఒక్క సాక్ష్యంతో తీర్పు చెప్పకపోవడమే శాస్త్రీయ దృక్పథం.