పసిబిడ్డ పెద్ద కళ్ళు చెప్పే మాట



బిడ్డ కళ్ళు పెద్దవిగా ఉంటే ఇంటిల్లిపాదీ మురిసిపోతాం. కాని ఆ కళ్ళు రోజురోజుకూ పెద్దవవుతూ, నీరు కారుతూ, వెలుతురు భరించలేక మూసుకుపోతూ, నల్లగుడ్డు మసకబారుతూ ఉంటే అది అందం కాదు. పుట్టుకతో వచ్చే గ్లకోమా కావచ్చు. కంటిలోని ద్రవం బయటికి పోయే దారి సరిగా ఏర్పడక ఒత్తిడి పెరుగుతుంది. పసికన్ను మెత్తనిది గనుక సాగుతుంది. లోపల చూపునరం దెబ్బతింటుంది. అలా పోయిన చూపు తిరిగి రాదు. సకాలంలో శస్త్రచికిత్స జరిగితే మాత్రం ఉన్న చూపును కాపాడవచ్చు.

ఈ వ్యాధి మూలాన్ని వెదకడానికి దారి చూపినవి టర్కీ దేశపు కుటుంబాలు. మన్సూర్ సర్ఫరాజీ బృందం ఆ కుటుంబాల వంశవృక్షాలను గీసి, వ్యాధి ఉన్నవారి, లేనివారి రక్తంలోని డీఎన్ఏను పోల్చి చూసింది. 1995లో ఆ జాడ రెండవ క్రోమోజోము వద్ద దొరికింది. 1997లో అక్కడి సీవైపీ1బీ1 అనే జన్యువులోని మార్పులే కారణమని తేలింది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ శాస్త్రవేత్తలు ఇదే జన్యువులోని మార్పులను మన దేశపు కుటుంబాల్లోనూ గుర్తించి 2002లో ప్రకటించారు. అయితే ప్రతి రోగిలోనూ ఈ జన్యువే కారణం కాదు.

ఈ జన్యువుకు రెండు ప్రతులుంటాయి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒక్క ప్రతి చెడితే మనిషికి వ్యాధి రాదు. తల్లిదండ్రులిద్దరిలోనూ చెడిన ప్రతి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కనుక కోడలిని నిందించడం అన్యాయం. దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళలో ఈ ప్రమాదం పెరుగుతుంది. అయితే ఇది ముస్లింలను వేలెత్తి చూపే విషయం కాదు. తెలుగునాట మేనరికాలు అన్ని మతాలవారిలోనూ ఉన్నాయి. బంధుత్వం లేని దంపతుల బిడ్డలకూ ఈ వ్యాధి వస్తుంది.

నింద వద్దంటే సరిపోదు, హక్కు అడగాలి. రక్తం తీసుకునే ముందు ఎందుకో ఉర్దూలోనో తెలుగులోనో వివరించాలని అడగండి. ఫలితం మీకు చెప్పాలని, దానిని గోప్యంగా ఉంచాలని అడగండి. పెళ్ళికి ముందు జన్యు సలహా పేదలకూ అందాలని అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు మీ బస్తీ అంగన్‌వాడీకి వస్తున్నాయో లేదో కనుక్కోండి.

ఇంట్లో ఒక బిడ్డకు ఈ వ్యాధి ఉంటే, తరువాతి బిడ్డకు పుట్టిన వెంటనే కంటి పరీక్ష చేయించండి. చిల్లా గడిచాక చూద్దామని ఆగకండి. ఆ నలభై రోజులు బిడ్డ చూపుకు ఎంతో విలువైనవి.