మళ్ళీ పనిలోకి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద మమ్మల్ని చదువు గురించి మాట్లాడమంటారు. ఈసారి మేమే వేరే విషయం అడిగి తీసుకున్నాము. మా ఉర్దూ మీడియం బడిలో చదివిన పిల్లల్లో చాలామంది పదో తరగతి కాగానే, కొందరు కాకముందే, చేతిపనుల్లోకి పోతున్నారు. వెల్డింగు, లేతు, లారీ బాడీలు కట్టడం, వడ్రంగం, సెంట్రింగు, కరెంటు పని, ఇవే మన ఇళ్ళలో పొయ్యి వెలిగిస్తున్నాయి. ఈ పనుల్లో దెబ్బలు తగులుతాయి. చిన్న దెబ్బల మాట అటుంచండి. వేళ్ళు తెగినవాడు, కన్ను పోయినవాడు, పరంజా మీదినుంచి పడి నడుము విరిగినవాడు మళ్ళీ పనిలోకి ఎలా రావాలి? ఈ రోజు మా విషయం అదే.

దెబ్బ తగిలిన నాడు మన మొహల్లా చాలా మంచిది. ఆసుపత్రి వరండా నిండిపోతుంది. ఒకరు రక్తమిస్తారు, ఒకరు టిఫిన్ క్యారియర్ తెస్తారు, శుక్రవారం నాడు చందా పోగవుతుంది. పదిహేను రోజులు గడిచేసరికి జనం పలచబడతారు. కట్టు విప్పేనాటికి మిగిలేది ఆ మనిషి, అతని భార్య, అప్పు ఇచ్చినవాడు. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది.

ముందు చట్టం సంగతి చెప్తాము. పనిలో గాయపడినవారి కోసం మన దేశంలో 1923లోనే పరిహార చట్టం వచ్చింది. 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. ఈ రెండూ ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయాయి. ఆ స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. చట్టంలో ఒక పట్టిక ఉన్నది. బొటనవేలు పోతే నూటికి 30, చూపుడువేలు పూర్తిగా పోతే 14, నడిమివేలికి 12. ఒకే చేతి మూడు వేళ్ళు పోతే 30, నాలుగు పోతే 50. అనగా మనిషి సంపాదించే శక్తిలో అంత వంతు పోయినట్లు లెక్క.

మేము మార్కులు వేసే వృత్తిలో ఉన్నాము గనుక ఈ పట్టిక చూడగానే మాకు ఒక అనుమానం వచ్చింది. బొటనవేలు దర్జీకి పోయినా, రాత్రి కాపలావాడికి పోయినా ఒకే లెక్కా? ఈ ప్రశ్నకు ఒక పాత తీర్పు జవాబు చెప్తుంది. ఒడిశాలోని జయపురంలో ఒక సినిమా హాలులో నగిషీ పని చేస్తున్న వడ్రంగి 1968 జులైలో కింద పడ్డాడు. ఎడమచేయి తీసివేయవలసి వచ్చింది. ఇది పాక్షిక నష్టమేనని యజమాని వాదించాడు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఒంటి చేత్తో వడ్రంగం జరగదు గనుక ఆ వడ్రంగికి కలిగింది పూర్తి నష్టమేనని 1975లో కోర్టు తేల్చింది. పరిహారం ఇచ్చే బాధ్యత ప్రమాదం జరిగిన నాటినుండే మొదలవుతుందని కూడా చెప్పింది. ఆ చేయి ఏ పని చేసేదో చూసి కోర్టు లెక్క కట్టింది. మనమూ అలాగే చూడవలసి ఉన్నది.

ఇక కాగితాల మాట. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఈఎస్ఐ ఉన్నదో లేదో ముందు కనుక్కోండి. ఉంటే, పనిలో దెబ్బ తగిలి డాక్టరు సెలవు రాసినంతకాలం కూలిలో నూటికి 90 వంతుల దాకా వస్తుంది. శాశ్వతంగా లోపం మిగిలితే మెడికల్ బోర్డు తేల్చిన వంతు ప్రకారం జీవితాంతం వస్తుంది. చాలా ఇళ్ళలో ఒక భయం విన్నాము: "మళ్ళీ పనిలో చేరితే ఆ డబ్బు కూడా పోతుంది సార్" అని. సెలవు కాలపు డబ్బు ఆగుతుంది, నిజమే. శాశ్వత లోపానికి ఇచ్చే డబ్బు మాత్రం పనిలో చేరినంత మాత్రాన ఆగదు. ఈ ఒక్క సంగతి తెలియక ఇంట్లో కూర్చున్నవాళ్ళు ఉన్నారు.

ఈఎస్ఐ వర్తించని చోట యజమాని నుండి పరిహారం కోరే దారి చట్టంలో ఉన్నది. మామూలుగా రెండేళ్ళలోపల అడగాలి. ప్రమాదం ఎప్పుడు, ఎక్కడ, ఏ మిషను దగ్గర జరిగిందో ఆసుపత్రి చీటీలో రాయించుకోండి. "ఇంట్లో తగిలింది" అని ఎవరు రాయించబోయినా ఒప్పుకోకండి. మంచం మీద పడుకున్న మనిషి చేత తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించడం కొన్నిచోట్ల జరుగుతున్నది. అది పరామర్శ అనిపించుకోదు.

ఇప్పుడు మా దగ్గర చదివిన ఒక కుర్రవాడి సంగతి చెప్తాము. పేరు, షెడ్డు పేరు అక్కరలేదు. బీరువాలు తయారుచేసే ఒక చిన్న షెడ్డులో రేకు వంచే ప్రెస్సు మీద పనిచేసేవాడు. వయసు 27. ఇద్దరు పిల్లలు. ఒకనాడు రేకు సర్దుతుండగా ప్రెస్సు దిగింది. కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు.

మేము ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళ అమ్మీ అన్నం కలిపి నోట్లో పెడుతున్నది. కుర్రవాడు గోడవైపు చూస్తున్నాడు. కుడిచేయి పనిచేయదు, ఎడమచేత్తో తినడం తప్పని చిన్నప్పటినుంచి నేర్పినది ఆమెనే. "ఆపా, గత్యంతరం లేనివాడికి ఎడమచేయి తప్పు కాదని మన పెద్దలే చెప్పారు. చెంచా అబ్బాయి చేతికివ్వండి, ఒలికితే ఒలకనీయండి" అన్నాము. ఆమెకు కోపం వచ్చింది. మర్నాడు చెంచా ఇచ్చింది. పనిలోకి తిరిగి రావడం మా లెక్కన ఆ చెంచాతోనే మొదలయింది.

తరువాత ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. సాయంత్రం మా ఇంటికి పలక పట్టుకొని వచ్చేవాడు. "సార్, మళ్ళీ ఒకటో తరగతా?" అని నవ్వేవాడు. ఉర్దూ కుడినుంచి ఎడమకు రాస్తాము గనుక ఎడమచేయి రాసినదాన్ని తుడిచేయదు. అందుకని అలిఫ్ బే తొందరగా పట్టుబడింది. షెడ్డులో కావలసినవి మాత్రం తెలుగు అక్షరాలు, అంకెలు. వాటికి ఇంకో నెల పట్టింది. కుడిచేతికి ఆసుపత్రిలో చెప్పిన వ్యాయామం రోజూ చేయించాము. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి గదా, వాటిని కదిలించకుండా గుడ్డ చుట్టి దాచుకుంటే అవి కూడా బిగుసుకుపోతాయి. లేని వేళ్ళలో నొప్పి వస్తున్నదని చెప్పడానికి అతను సిగ్గుపడేవాడు. అలాంటి నొప్పి నిజంగానే వస్తుంది, డాక్టర్లకు తెలిసినదే. పిచ్చి కాదు, నటన అంతకంటే కాదు. భార్యకు, తల్లికి ఈ మాట ముందే చెప్పి ఉంచాలి.

నాలుగో నెలలో షెడ్డుకు వెళ్ళాడు. ప్రెస్సు చప్పుడు వినగానే చెమటలు పట్టి బయటికి వచ్చి కూర్చున్నాడు. యజమాని "రేపు చూద్దాంలే భాయ్" అన్నాడు. అలా అంటే చాలాచోట్ల సెలవు అని అర్థం. అక్కడి ఉస్తాద్ అడ్డుపడ్డాడు. చదువు అంతగా లేనివాడు, పని తెలిసినవాడు. "వీడి చేతికి దెబ్బ తగిలింది, కంటికి కాదు. కొలతలు వీడు చూడనీయండి" అన్నాడు. మొదట పూటకు రెండు గంటలు, తరువాత సగం రోజు. రేకు మీద కొలత గీయడం, తలుపు సరిగా మూస్తున్నదో లేదో చూడడం, సరుకు లెక్క రాయడం. ప్రెస్సుకు దూరంగా బల్ల వేశారు. రోజులు గడిచేకొద్దీ బల్లను ఒక్కో గజం దగ్గరికి జరిపారు. చప్పుడుకు చెవి అలవాటుపడింది.

ఇంకొక్క పని కూడా చేశారు. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితే తప్ప ప్రెస్సు దిగకుండా ఏర్పాటు చేయించారు. బటన్ల మీద రెండు చేతులూ ఉంటే రేకు కింద ఏ చెయ్యీ ఉండదు. ఆ కుర్రవాడు పెట్టిన షరతు అది. లోపం సరిచేయకుండా అదే మిషను దగ్గరికి ఇంకో పిల్లవాడిని నిలబెడితే ఇతను తిరిగి వచ్చి ప్రయోజనమేమిటి?

ఇందులో డబ్బు లెక్క కూడా వినండి. దెబ్బకు ముందు అతని కూలి రోజుకు 700. సగం రోజు పనికి 350. ఆ పది వారాలూ మిగతా 350 మా పాత విద్యార్థులు నలుగురు వేసుకున్నారు. వారానికి ఆరు రోజులు, మొత్తం 21,000 రూపాయలు. ఆసుపత్రి నాడు పోగైన చందా అంతకంటే ఎక్కువే. ఆ చందా మందులకూ పాత అప్పుకూ పోయింది. ఈ 21,000 ఒక మనిషిని నిలబెట్టింది. ఇప్పుడు అతని కూలి మునుపటికంటే కొంత తక్కువే, దాచనక్కరలేదు. కానీ పిల్లల ఫీజు తన చేత్తో కడుతున్నాడు.

మీలో పెద్దవాళ్ళు పటౌడీ నవాబు మన్సూర్ అలీ ఖాన్ ఆట చూసే ఉంటారు. మన హైదరాబాదు జట్టుకు కూడా ఆడారు. 1961 జులైలో ఇంగ్లండులోని హోవ్‌లో కారు ప్రమాదం జరిగి ఆయన కుడికన్ను దాదాపు పనికిరాకుండా పోయింది. అప్పటికి ఆయనకు 20 ఏళ్ళు. ఒక్క బంతి రెండుగా కనబడితే లోపలివైపు బంతిని ఆడటం, టోపీని కుడికంటి మీదికి లాక్కొని ఆడటం, ఇలా సాధన చేశారు. ఆ డిసెంబరులోనే ఢిల్లీలో మొదటి టెస్టు ఆడారు. 1962 జనవరిలో మద్రాసులో సెంచరీ కొట్టారు. అదే ఏడు వెస్టిండీస్ పర్యటనలో మన కెప్టెన్ నారీ కాంట్రాక్టరు తలకు బంతి తగిలి ప్రాణం మీదికి వచ్చింది. పటౌడీ 21వ ఏట కెప్టెన్ అయ్యారు. కాంట్రాక్టరు కూడా కోలుకొని దేశంలోని పోటీల్లో మళ్ళీ బ్యాటు పట్టారు, టెస్టు మాత్రం మరి ఆడలేదు. మా దృష్టిలో ఇద్దరూ తిరిగి వచ్చినవారే. ఒకరు పెద్ద మైదానానికి, ఒకరు చిన్న మైదానానికి.

అయితే నవాబుగారికి సాధన చేసుకునే తీరిక ఉండింది. ఇంట్లో బియ్యం నిండుకోలేదు. మన కుర్రవాళ్ళకు ధైర్యం ఉన్నా ఆ తీరిక ఉండదు. నొప్పి తగ్గకముందే అప్పు కోసం పరుగెత్తుతారు, మళ్ళీ దెబ్బ తింటారు. లేదా ఇంట్లోనే ఉండిపోయి జీవితాంతం చందాల మనిషి అవుతారు. ఆ తీరికను కొని ఇవ్వడమే సంఘం చేయవలసిన పని.

ప్రభుత్వ ఉద్యోగుల సంగతి కొంత నయం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని ప్రభుత్వ సంస్థ తీసివేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని చూపాలి. అంతకుముందు 1995 నాటి చట్టంలోనూ ఈ రక్షణ ఉండేది. విధిలో గాయపడి కాలు పోగొట్టుకున్న ఒక కానిస్టేబుల్‌ను ఇంటికి పంపివేస్తే 2003లో సుప్రీంకోర్టు దాని ఆధారంగానే అతని పక్షాన తీర్పు చెప్పింది. మన మునిసిపాలిటీ, కరెంటు శాఖ ఉద్యోగులు "మెడికల్‌గా పనికిరావు" అన్న కాగితం అందగానే రాజీనామా రాసి ఇవ్వకండి. ముందు వేరే పని అడగండి.

షెడ్డు యజమానులు కూడా ఈ సభలో ఉన్నారు. మీకు ఒక్క మనవి. పదేళ్ళు పనిచేసినవాడి బుర్రలో ఉన్న పని వేళ్ళతోపాటు తెగిపోలేదు. అతనికి ఏ పని రాదో చెప్పేముందు ఏ పని వస్తుందో ఉస్తాద్‌ను అడగండి.

ఇంకొక చిన్న మాట, అందరూ గుర్తుంచుకోండి. తెగిన వేలిని నేరుగా ఐసులో వేయకూడదు. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి బిగించి, ఆ సంచిని ఐసు నీళ్ళలో ఉంచి మనిషితోపాటు వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

చివరగా కార్యవర్గం ముందు మూడు విషయాలు పెడుతున్నాము. ఒకటి, గాయపడినవారి సహాయ నిధిలో సగం ఆసుపత్రి ఖర్చుకు, మిగతా సగం పనిలో చేరిన తరువాత సగం కూలి రోజులకు కేటాయించాలి. రెండు, కాగితాలు చూసి దరఖాస్తు రాసిపెట్టడానికి ఇద్దరు సభ్యులను నియమించాలి. రాయడానికి మేము సిద్ధం. మూడు, డిశ్చార్జి అయిన నలభయ్యో రోజున సంఘం తరఫున ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్ళి, ఏం కావాలని కాక, ఏం పని మొదలుపెడదామని అడగాలి.

ఈ మూడింటి మీద మధ్యాహ్నం చర్చ పెట్టమని అధ్యక్షులవారిని కోరుతున్నాము.