ఊసరవెల్లిపై మోపిన నింద
(సామల్పట్టిలో తెలుగు కుటుంబముల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మాటమీద నిలుకడ లేనివానిని “ఊసరవెల్లి” యనుట మన యిండ్లలో తరతరముల వాడుక. ఈ సామల్పట్టిలోను, ఊత్తంగరై, కృష్ణగిరి, హోసూరులలోను మన పెద్దలు తెలుగును ఎంత పదిలముగా కాపాడుకొనిరో, ఈ తిట్టును కూడ అంత పదిలముగానే కాపాడుకొనిరి. ఇంట తెలుగు, సంతలో అరవము, హోసూరు దాటినచో కన్నడము మాటలాడు మనకే ఈ తిట్టు తగులవచ్చునని వారికి తోచినట్లు లేదు! కావున ఆ ప్రాణి పక్షమున రెండు మాటలు చెప్పుటకు మనమే తగినవారమని తలంచి, నేడు ఈ విషయమును ఎన్నుకొంటిమి.

మొదట పేరు సంగతి. “తొండ ముదిరి ఊసరవెల్లి యైన” దను సామెత మనకున్నది. సామెత చక్కనిదే కాని, తొండ యెంత ముదిరినను తొండయే. కంచెమీద తల ఆడించుచు, ఈడు వచ్చిన మగదానికి మెడ ఎఱ్ఱబారగా, అలికిడి యైనంతనే పరుగెత్తునది తొండ, అరవమున ఓణాన్. ఊసరవెల్లి వేరు జాతి. అరవవారు దానిని పచ్చోంది యనియు, కన్నడిగులు గోసుంబె యనియు పిలుతురు. మన పిల్లలు నేడు ఈ రెండింటిని ఒకే పేరున పిలుచుచు, రెండింటిని ఒకే తీరున రాళ్లతో కొట్టుచున్నారు. భాగవత దశమస్కంధమున నృగమహారాజు శాపవశమున పాడునూతిలో పడియున్న కథ మీరెఱిగినదే. ఒకరి గోవును తెలియక మఱియొకరికి దానమిచ్చిన దోషమునకు ఆయన పొందిన రూపమును కృకలాసమందురు. ఊసరవెల్లి యని మన పెద్దలు దానికి అర్థము చెప్పుదురు. ఆ కథలో యాదవ బాలురు దానిని చూచి రాళ్లు రువ్వలేదు, త్రాళ్లు కట్టి పైకి లాగ జూచిరి!

భారతదేశపు ఊసరవెల్లి ముక్కు మొదలు తోక కొనవఱకు ఇంచుమించు పదునైదు అంగుళములుండును. అందు సగమునకు పైగా తోకయే. ఎండ కాయు మెట్టభూములు, తుమ్మలు, ముళ్లపొదలు దాని కిష్టమైన తావులు. అనగా మన కృష్ణగిరి సీమవంటి నేలయే. దాని పాదమును చూచితిరా? అయిదు వ్రేళ్లును రెండు గుత్తులుగా కూడి, కంసాలి పటకారువలె కొమ్మను పట్టును. ముందు పాదమున లోపలివైపు మూడు, వెలుపల రెండు. వెనుక పాదమున లోపల రెండు, వెలుపల మూడు. తోక అయిదవ కాలు. బల్లి తోకవలె అది ఊడిపోదు, పోయినచో మరల మొలవదు. అడుగు వేయుటకు ముందు ముందునకు వెనుకకు ఊగును. గాలికి ఆకు ఊగుచున్నదని చూచువారు భ్రమపడుదురు.

కన్నులు మఱింత వింత. రెప్పలు రెండును అతుకుకొని, నడుమ చిన్న రంధ్రము మాత్రము మిగులును. ఒక కన్ను ముందు చూచుచుండగా రెండవది వెనుకకు తిరుగగలదు. పురుగు కనబడినప్పుడు మాత్రము రెండును దానిమీదనే నిలుచును. దూరమును అది యెట్లు లెక్కించునో తెలిసికొనుటకు 1977లో ఒక శాస్త్రజ్ఞురాలు ఊసరవెల్లి కన్నుల యెదుట అద్దపు కటకముల నుంచి పరీక్షింపగా, నాలుక గురి తప్పినది. ఛాయాచిత్రములు తీయువాడు కటకమును సరిచేసి దూరమును కుదుర్చునట్లే, ఇది తన కంటి సవరింపునుబట్టియే దూరమును తెలిసికొనునన్నమాట.

ఇక నాలుక. అది మొండెముకంటె పొడవు సాగి, రెప్పపాటులోపల పురుగును తగిలి తిరిగివచ్చును. కండబలము ఒక్కటే అంత వేగము నీయజాలదు. నాలుక నడుమ ఒక మృదులాస్థి కడ్డీ, దానిచుట్టు సాగెడి తొడుగులు, వానిపై కండరము ఉన్నవి. కండరము మెల్లగా బిగిసి ఆ తొడుగులను సాగదీయును; విడిచినంతనే అవి బాణమువలె నాలుకను విసరును. విల్లెక్కుపెట్టువాడు నెమ్మదిగా లాగి ఒక్కసారి వదలుట వంటిది ఇది. హాలెండు శాస్త్రజ్ఞులు 2004లో ఈ రహస్యమును విప్పిరి. చలివేళల కండరములు మందగించినను, విసరుట మాత్రము పెద్దగా మందగింపదు. వెనుకకు లాగుకొనుటయే ఆలస్యమగును. నాలుక కొనయందలి జిగురు మన లాలాజలముకంటె ఇంచుమించు 400 రెట్లు చిక్కనిదని బెల్జియమువారు 2016లో తెలిపిరి.

ఇప్పుడు అసలు నింద దగ్గరకు వచ్చెదము. ఊసరవెల్లి ఏ చెట్టు నెక్కిన ఆ చెట్టు రంగు తాల్చునని లోకము నమ్మును. ఎఱ్ఱచీరపై నుంచినచో ఎఱ్ఱనగునట! ఇది నిజము కాదు. పచ్చదనము దానికి సహజము, అది ఆకులలో దాగుటకు చాలును. రంగు మార్పునకు కారణములు వేఱు: వెలుగు, చలి, భయము, కోపము, జతకోరిక. చలియుదయమున శరీరమును నల్లబఱచుకొని ఎండను త్రాగును. నిద్రలో వెలవెలబోవును. పట్టుకొనబోయినచో మచ్చలు తేలి నల్లబడి, దేహము నుబ్బించి, నోరు తెఱచి బుసకొట్టును.

మార్పు జరుగు విధమును జెనీవా విశ్వవిద్యాలయమువారు 2015లో మడగాస్కరు దేశపు ఊసరవెల్లిపై పరిశోధించి ప్రకటించిరి. చర్మములోని కొన్ని కణములలో గ్వానీను అను పదార్థపు సూక్ష్మ స్ఫటికములు వరుసలు తీరియున్నవి. ప్రాణి నెమ్మదిగా నున్నప్పుడు అవి దగ్గరగా నుండి నీలికాంతిని వెనుకకు పంపును. పైనున్న పసుపు వర్ణకముతో అది కలసి మనకు ఆకుపచ్చగా తోచును. మగది పోరునకు సిద్ధమైనంతనే స్ఫటికములు ఎడమగును, పచ్చదనము పసుపునకు, నారింజకు తిరుగును. రంగు వేసికొనుట కాదది. నెమలి ఈక నీలమువలె వెలుగు చేయు పని. నల్లబడుట మాత్రము వేఱు కణములలోని నల్లని వర్ణకముచేత.

అనగా ఊసరవెల్లి తన రంగుతో ఎవరిని వంచించుచున్నది? “నాకు చలి”, “నాకు భయము”, “నా కొమ్మమీదికి రాకు” అని చెప్పుచున్నది. మనస్సులోని దానిని మేనిమీద దాచకుండ చూపు ప్రాణిని కపటికి ఉపమానము చేసితిమి. మనుష్యులలో అట్టివారు నలుగురున్నచో పంచాయతీల పని తేలికయగును!

తిట్టుతో పోయినచో మాకును ఇంత పట్టుదల యుండెడిది కాదు. కరచినచో మనిషి బ్రదుకడనియు, ఎదురుపడినచో కీడనియు చెప్పి దానిని చంపుట నేటికిని పల్లెలలో నున్నది. దానికి విషమేలేదు. బుసకొట్టుట బెదరింపు మాత్రమే. పరుగెత్తలేని ప్రాణి వేఱేమి చేయగలదు? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని కాపాడుచున్నది; చంపుటయే కాదు, పట్టి పెంచుటయు నేరము.

ఆడది మట్టిలో గుంటత్రవ్వి, పది మొదలు ముప్పదివఱకు గ్రుడ్లుపెట్టి కప్పివేయును. అందుకై చెట్టు దిగక తప్పదు. గట్లమీది పొదలు నఱికివేసినకొలది ఒక చెట్టునుండి మఱియొక చెట్టునకు నేలమీదనే నడువవలసి వచ్చును. ఊగుచు ఊగుచు బాట దాటు ప్రాణికి లారీ వేగమేమి తెలియును?

బాటమీద అట్టిది కనబడినచో, తోక పట్టి లాగరాదు. ఒక పుల్లను దాని ముందుకాళ్ల యెదుట పెట్టినచో తానే ఎక్కి పట్టుకొనును. అది ఏ దిక్కునకు పోవుచున్నదో చూచుకొని, ఆ వైపు పొదలో పుల్లతో కూడ వదలి రావలెను.