ఇంటి కప్పు కింద గాలి ఆడాలి
(బెళ్ళందూరులోని తెలుగు గృహయజమానుల కోసం సిద్ధపరచిన ప్రసంగ పాఠం)

ఏప్రిల్ నెలలో రాత్రి పది గంటల వేళ బెళ్ళందూరులోని ఏ వీధిలోనైనా నిలబడితే చల్లని గాలి ఒంటికి తగులుతుంది. అదే సమయంలో చివరి అంతస్తుల్లో ఉండేవారు చాపా దిండూ పట్టుకొని డాబా మీదికి చేరుతూ ఉంటారు. బయట చల్లగా ఉన్నా లోపల ఉక్కపోస్తోంది. ఈ తేడాకు కారణం ఊరి వాతావరణం కాదు, ఇంటి కప్పు. నేటి ప్రసంగ విషయం అదే.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న నగరం. ఏప్రిల్‌లో పగటి ఉష్ణోగ్రత సగటున 34 డిగ్రీల వరకు చేరినా, తెల్లవారేసరికి 22 డిగ్రీల దాకా దిగుతుంది. 2016 ఏప్రిల్ 24న ఇక్కడ 39.2 డిగ్రీలు నమోదైంది. పగళ్ళు ఇలా మండినా, రాత్రుల చల్లదనం ఇంకా మిగిలే ఉంది. విజయవాడలో మే నెల రాత్రి కిటికీ తెరిస్తే తరచు వేడిగాలే లోపలికి వస్తుంది. ఇక్కడ వచ్చేది చల్లగాలి. ఖర్చు లేకుండా లభించే ఈ చల్లదనాన్ని ఇంట్లోకి రానివ్వకపోవడం కట్టడపు లోపమే.

ఆ లోపం ఎక్కడుందో తెలియాలంటే వేడి నడిచే దారిని గమనించాలి. ఏప్రిల్ చివరి వారంలో మధ్యాహ్న సూర్యుడు ఈ నగరానికి సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిలువు వస్తువులకు నీడ పడని రోజు అదే. అప్పుడు గోడలకంటే కప్పే ఎక్కువ ఎండను మోస్తుంది. కాంక్రీటు స్లాబు పగలంతా తాగిన వేడిని సాయంత్రం నుండి మెల్లగా గదిలోకి వదులుతుంది. వేడెక్కిన గాలి తేలికై పైకి చేరుతుంది. సాధారణంగా కిటికీ పై అంచు ఏడడుగుల వద్ద ఆగిపోతుంది, కప్పు పదడుగుల ఎత్తున ఉంటుంది. నడుమ ఉన్న మూడడుగుల్లో చేరిన వేడిగాలికి బయటికి దారి లేదు. కింద ఫ్యాను తిరిగితే ఆ గాలే మళ్ళీ ముఖానికి కొడుతుంది.

ఈ సంగతి పూర్వులకు తెలుసు. రాయలసీమ మట్టిమిద్దెకు కప్పులో గవాచి ఉండేది. వెలుతురు అందులోనుంచే దిగేది, పొయ్యి పొగా వేడిగాలీ అందులోనుంచే పోయేవి. వాన వస్తే దాన్ని మూసేవారు. కోస్తా మండువా లోగిలిలో ఇంటి నడుమ ఆకాశమే తెరుచుకొని ఉండేది. పెంకుటింట్లో అటక మీద చేరిన వేడి పెంకుల సందుల్లోంచి జారిపోయేది. బెంగళూరు పాత బంగళాల్లోనూ ఎత్తైన గోడల పైభాగాన వెంటిలేటర్లు నేటికీ కనిపిస్తాయి. సామగ్రి వేరైనా సూత్రం ఒకటే: చల్లగాలి కింద నుండి రావాలి, వేడిగాలి పైనుండి పోవాలి.

ఈ ప్రాంతంలో వెంటిలేటర్లు మూతపడడానికి కారణాలు లేకపోలేదు. దుర్వాసన, దోమలు, దుమ్ము ఎవరినైనా కిటికీలు బిగించుకొనేలా చేస్తాయి. 2017 ఫిబ్రవరిలో, 2018 జనవరిలో చెరువులో మంటలు లేచినప్పుడు పొగకు తలుపులు మూసుకోక తప్పలేదు. అయితే అవసరం కొద్దీ మూయడం వేరు, సిమెంటు పెట్టి శాశ్వతంగా పూడ్చడం వేరు. దోమలకు సన్నని జాలీ సరిపోతుంది. పొగ వచ్చిన రోజుకు మూసుకొనే రెక్క చాలు.

ఇంతకంటే తీవ్రమైన సమస్య డాబా మీద వేసే రేకుల గదులది. ఇనుప రేకు ఎండ తగిలిన కొద్ది నిమిషాల్లోనే కాలుతుంది, ఆ కాకను నేరుగా కింద ఉన్నవారి తలపైకి పంపుతుంది. రేకు కింద పలకలతో మరో కప్పు బిగించి ఊరుకోవడం సగం పనే. రెండింటి నడుమ ఖాళీ నిజానికి ఒక అటక. దానికి రెండు వైపులా గాలిదారి లేకపోతే అది వేడిపెట్టె అవుతుంది. చూరు వద్ద గాలి లోపలికి రావడానికి, నడికప్పు వద్ద బయటికి పోవడానికి జాలీతో దారులు విడవాలి. కర్మాగారాల పైన గాలికి తిరిగే గుండ్రని వెంటిలేటర్లు చేసే పని ఇదే. వానాకాలపు తెల్లవారుజామున రేకు అడుగున పట్టిన చెమ్మ చుక్కలుగా రాలకుండా ఆరడానికీ ఈ దారే ఆధారం. పాత ఆస్‌బెస్టాస్ రేకులకు మాత్రం రంధ్రాలు పెట్టరాదు, వాటిని కోయరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం.

కొత్తగా కట్టించేవారు తెరుచుకొనే భాగాల విస్తీర్ణాన్ని ముందే లెక్కవేయాలి. జాతీయ నిర్మాణ నియమావళి నివాస గదుల నేల విస్తీర్ణంలో పొడివేడి ప్రాంతాలకు పదో వంతు, తేమవేడి ప్రాంతాలకు ఆరో వంతు సూచిస్తుంది. ఆ భాగాలన్నీ ఒకే గోడకు ఉంటే ప్రయోజనం తక్కువ. ఎదురెదురుగా ఉండాలి, ఒకటి కిందుగా, మరొకటి కప్పుకు దగ్గరగా ఉండాలి. ఫాల్స్ సీలింగు వేయించేవారు పాత వెంటిలేటరు దాని వెనుక మరుగున పడకుండా మేస్త్రీకి ముందే చెప్పాలి.

వంటింటి, స్నానాలగది ఎగ్జాస్ట్ గొట్టాలు సీలింగు పైన ఖాళీలో ముగియకూడదు, గోడ దాటి బయటికి తెరుచుకోవాలి. గ్యాస్ గీజరు విషయంలో ఇది ప్రాణానికి సంబంధించిన మాట. మూసిన గదిలో అది వెలువరించే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. గీజరును స్నానాలగది వెలుపల గాలి ఆడే చోట బిగించడమే క్షేమం.

గాలిదారి ఒక్కటే అన్నిటికీ మందు కాదు. స్లాబు ఎండను తాగకుండా చూడడం కూడా అవసరం. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన శీతల కప్పుల విధానం, 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇటువంటి కప్పులను లక్ష్యంగా పెట్టుకుంది. తెల్లసున్నం, తెల్లని పూత, తెల్లపలకలు ఎండను వెనక్కి తిప్పి పంపుతాయి. పూత పగటి వేడిని తగ్గిస్తుంది, మిగిలిన వేడిని రాత్రిగాలి తీసుకుపోతుంది. రెండూ కలిస్తేనే ఫలితం.

చివరిగా ఒక మాట. కప్పు వేయించేవారు ఒకరు, దాని కింద నిద్రించేవారు మరొకరు కావడం ఇక్కడ సర్వసాధారణం. యజమాని కింది అంతస్తులో ఉంటాడు. పై గదిలో ఉండేది పాలమూరు నుండో అనంతపురం నుండో పనికి వచ్చిన కుటుంబం, లేదా రాత్రి షిఫ్టు ముగించి పగలు నిద్రపోవలసిన ఉద్యోగి. వేడి తెలిసినవారికి గోడ పగలగొట్టే హక్కు లేదు. హక్కు ఉన్నవారికి వేడి తెలియదు. పసిబిడ్డలూ వృద్ధులూ ఆ గదిలో ఉంటే ఇది సౌకర్యానికి కాదు, ఆరోగ్యానికి సంబంధించిన విషయం.

కనుక అద్దె నిర్ణయించే ముందు ప్రతి యజమానీ ఏప్రిల్‌లో ఒక్క రాత్రి ఆ గదిలో పడుకొని చూడడం మంచిది. అర్ధరాత్రి లేచి డాబా మీదికి రావలసి వస్తే, ఆ గదికి వెంటిలేటరు ఎక్కడ పెట్టాలో మర్నాడు మేస్త్రీకి ఆయనే చూపిస్తాడు.