గుడాకేశుని నిద్ర

అర్జునునకు గుడాకేశుడని పేరు. నిద్రను జయించినవాడని పెద్దలు చెప్పిన అర్థము. ఈ మాట పట్టుకొని కొందరు తల్లిదండ్రులు, పోటీలకు వెళ్లు పిల్లలను రాత్రి పదకొండు దాటినను పడుకొననీయక, తెల్లవారుజామున నాలుగింటికే లేపుచున్నారు.

ఆ అర్జునునితోనే పరమాత్మ గీత ఆరవ అధ్యాయమున ఏమనెను? అతిగా నిద్రించువానికి యోగము లేదనెను. అతిగా మేల్కొనువానికిని లేదనెను! జయించుట యనగా పోగొట్టుకొనుట కాదు. వేళకు రమ్మన్న రావలెను, వేళకు పొమ్మన్న పోవలెను. చరకుడును శరీరమునకు మూడు ఊతలు చెప్పుచు ఆహారము వెంటనే నిద్రను పేర్కొనెను.

పరుగులో నలిగిన కండరము బాగుపడునది విశ్రాంతిలోనే. పెరుగుదల హార్మోను గాఢనిద్రలో అధికముగా స్రవించును. పదమూడు మొదలు పదునెనిమిదేండ్ల వారికి 8 నుండి 10 గంటల నిద్ర వలయునని అమెరికా నిద్రావైద్యులు 2016లో నిర్ణయించిరి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ ఆటగాండ్రు కొన్ని వారములు రాత్రికి 10 గంటలు పడకపై నుండిరి. బంతి వేయు గురి నూటికి 9 పాళ్లు హెచ్చినదని 2011లో ప్రకటించిరి. పదకొండుగురే, చిన్న పరీక్షయే. అయినను తోసివేయదగినది కాదు.

పోటీ ముందురాత్రి బెదురుతో నిద్ర చెదరుట సహజము. దానికి బిడ్డను గద్దింపకుడు. అంతకుముందు వారమంతయు నిద్ర నిండియుండునట్లు చూడుడు. రెండు ఆటల నడుమ పగటి కునుకును సోమరితనమనకుడు.

రేపు ఆటయున్న బిడ్డను ఈ రాత్రి జాగరణకు తీసికొనిరావలదు. మ్రొక్కినది మీరు, మేల్కొనుడు మీరే. బిడ్డ పేరున అర్చన జరుగును. ప్రసాదము ఉదయము తీసికొనిపొండు.